వేరు కాపురం పెట్టే బ్లాక్‌చైన్లు: లాభమెంత, ముప్పెంత?

2022 మార్చి 23న 'ఆక్సీ ఇన్ఫినిటీ' అనే ఆన్‌లైన్ ఆటకు చెందిన నిల్వ నుంచి 1,73,600 ఈథర్లు, 2.55 కోట్ల యూఎస్‌డీసీ టోకెన్లు మాయమయ్యాయి. అప్పటి ధరల్లో వాటి విలువ 60 కోట్ల డాలర్లకు పైమాటే. ఆరు రోజుల దాకా ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. మార్చి 29న ఒక వినియోగదారుడు తన 5,000 ఈథర్లు వెనక్కి తీసుకోబోతే వ్యవస్థ ఇవ్వలేకపోయింది. ఏమైందా అని వెతికితే దొంగతనం బయటపడింది.

ఈథర్ అనేది ఈథీరియం బ్లాక్‌చైన్ తాలూకు నాణెం. అయితే దొంగలు ఈథీరియంను ఛేదించలేదు. ఆ రోజు ఈథీరియం ఎప్పటిలాగే పనిచేసింది. తాళం పగిలింది మరోచోట. ఆక్సీ ఆట మొదట ఈథీరియం మీదే నడిచేది. అక్కడ రుసుములు భరించలేనంతగా పెరగడంతో 2021లో 'రోనిన్' అనే సొంత బ్లాక్‌చైన్‌కు మారింది. పాత గొలుసును, కొత్త గొలుసును కలిపే వారధి దగ్గరే దొంగలు పడ్డారు.

మరొకరి బ్లాక్‌చైన్ మీద ఒక పొరగా నడిచే వ్యవస్థ అక్కడి నుంచి విడిపోయి సొంత గొలుసు కట్టుకోవడం క్రిప్టో లోకంలో కొత్తేమీ కాదు. గత పదిహేనేళ్లుగా ఎన్నో వ్యవస్థలు ఆ పని చేశాయి. కొన్ని బాగుపడ్డాయి, కొన్ని దెబ్బతిన్నాయి, కొన్ని తిరిగి పాత గూటికే చేరాయి. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టే ఇందులోనూ స్వేచ్ఛ ఉంది, ఖర్చు ఉంది, ఒంటరితనం ఉంది. దీని వెనుక ఉన్న సాంకేతిక కారణాలేమిటో చూద్దాం.

అందరి దగ్గరా ఒకే పుస్తకం

బ్లాక్‌చైన్‌ను ఒక లెక్కల పుస్తకంగా ఊహించుకోండి. దాని నకళ్లు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. ఈ కంప్యూటర్లను నోడ్లు అంటారు. కొత్త లావాదేవీలను కొన్ని కొన్నిగా కట్టకట్టి ఒక బ్లాకుగా చేరుస్తారు. ప్రతి బ్లాకులోనూ దాని ముందున్న బ్లాకు హ్యాష్ ఉంటుంది. హ్యాష్ అంటే ఎంత పెద్ద సమాచారాన్నయినా ఒక చిన్న, స్థిరమైన పొడవున్న సంఖ్యగా మార్చే గణిత ముద్ర. మూల సమాచారంలో ఒక్క అక్షరం మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. కాబట్టి పాత పేజీని ఎవరైనా దిద్దితే దాని తర్వాతి పేజీలన్నీ చెల్లకుండా పోతాయి.

మరి తర్వాతి పేజీ ఎవరు రాయాలి? బిట్‌కాయిన్‌లో ఆ హక్కు కష్టమైన లెక్కను ముందుగా చేసిన మైనరుకు దక్కుతుంది. ఈ లెక్కకు యంత్రాలు కావాలి, కరెంటు కావాలి. పాత చరిత్రను తిరగరాయాలంటే మిగతా మైనర్లందరూ కలిసి చేసే పని కన్నా ఎక్కువ పని చేయగలగాలి. బిట్‌కాయిన్‌కు రక్షణ ఆ ఖర్చే.

ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. ప్రతి నోడూ ప్రతి లావాదేవీనీ సరిచూడాలి కాబట్టి పుస్తకం వేగంగా నిండకూడదు. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు వస్తుంది. మొత్తం మీద సెకనుకు ఏడు లావాదేవీలకు మించడం కష్టం. చోటు తక్కువ, కావలసినవారు ఎక్కువ కాబట్టి ఎక్కువ రుసుము కట్టినవారి లావాదేవీ ముందు చేరుతుంది.

పొర ఎలా పనిచేస్తుంది?

2012 జనవరిలో జె.ఆర్. విల్లెట్ అనే ప్రోగ్రామర్ ఒక ఆలోచనను ప్రచురించాడు. కొత్త నాణేల కోసం కొత్త బ్లాక్‌చైన్ ఎందుకు, బిట్‌కాయిన్ మీదే ఇంకో పొర వేసుకోవచ్చు కదా అన్నది దాని సారాంశం. 2013లో అదే 'మాస్టర్‌కాయిన్'గా మొదలైంది, ఆ తర్వాత 'ఓమ్నీ' అని పేరు మార్చుకుంది. 2014 జనవరిలో ఇదే బాటలో 'కౌంటర్‌పార్టీ' వచ్చింది. 2,100కు పైగా బిట్‌కాయిన్లను ఎవరూ వాడుకోలేని చిరునామాకు పంపి 'కాల్చేసి', అందుకు బదులుగా వాళ్లు తమ కొత్త టోకెన్లను పుట్టించారు.

ఈ పొర పనితీరు అర్థం కావాలంటే స్టాంపు పేపరును గుర్తు చేసుకోండి. దాని మీద ఇద్దరు మనుషులు ఏ ఒప్పందమైనా రాసుకోవచ్చు. నమోదు చేసేవారు తేదీ, వరుస సంఖ్య వేస్తారు. అందులోని మాట నెరవేరుతుందా లేదా అన్నది వాళ్ల పని కాదు. బిట్‌కాయిన్ కూడా పొర విషయంలో అలాగే ప్రవర్తిస్తుంది. మాస్టర్‌కాయిన్ వినియోగదారుడు ఒక మామూలు బిట్‌కాయిన్ లావాదేవీ చేసి, అందులో ఒక మూల 'ఇన్ని టోకెన్లు ఫలానా వారికి' అనే సందేశాన్ని సంకేత రూపంలో ఇరికిస్తాడు. బిట్‌కాయిన్ నోడ్లకు అది అర్థం లేని కొన్ని బైట్ల డేటా మాత్రమే. మాస్టర్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకే దాని అర్థం తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రవి దగ్గర 100 టోకెన్లు ఉన్నాయి. అందులో 80 సీతకు పంపుతూ ఒక సందేశం, ఆ వెంటనే 80 గీతకు పంపుతూ ఇంకో సందేశం పెట్టాడు. బిట్‌కాయిన్ పుస్తకంలో రెండూ నమోదవుతాయి, ఎందుకంటే బిట్‌కాయిన్ లెక్క ప్రకారం రెండూ సక్రమమైన లావాదేవీలే. పొర సాఫ్ట్‌వేర్ మాత్రం పుస్తకాన్ని మొదటి నుంచి వరుసగా చదువుకుంటూ వచ్చి, సీతకు పంపింది చెల్లుతుందని, గీతకు పంపడానికి రవి దగ్గర 20 మాత్రమే మిగిలాయి కాబట్టి రెండోది చెల్లదని తేలుస్తుంది. అంటే వరుస క్రమాన్ని ఆధార గొలుసు ఇస్తుంది, తీర్పు పొర ఇస్తుంది.

ఇందులో గొప్ప సౌలభ్యం ఉంది. కొత్త వ్యవస్థ మొదటి రోజు నుంచే బిట్‌కాయిన్ అంతటి రక్షణ పొందుతుంది. మైనర్లను వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు ప్రపంచంలోనే పెద్ద స్టేబుల్‌కాయిన్ అయిన టెథర్ 2014లో మొదలైంది ఈ పొర మీదే.

మరి ఎందుకు విడిపోవాలి?

మొదటి కారణం ఇరుకు, రుసుము. పొర మీద పది రూపాయల విలువైన టోకెన్ పంపినా ఆధార గొలుసు రుసుము కట్టాల్సిందే. అక్కడ రద్దీ పెరిగితే సంబంధం లేనివాళ్లూ భారం మోస్తారు. 2017 డిసెంబరులో 'క్రిప్టోకిట్టీస్' అనే పిల్లి బొమ్మల ఆట ఒక్కసారిగా జనాదరణ పొందేసరికి ఈథీరియం మొత్తం కిక్కిరిసిపోయింది. ఆ ఆటతో సంబంధం లేని లావాదేవీలు కూడా నిలిచిపోయాయి.

రెండోది వేగం. 'డీవైడీఎక్స్' అనే క్రిప్టో వాణిజ్య వేదిక 2022 జూన్‌లో సొంత గొలుసుకు మారతామని ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ఆసక్తికరం. వాళ్ల వేదికపై సెకనుకు పది కొనుగోళ్లు, అమ్మకాలు జరిగితే, ఆర్డర్లు పెట్టడం, రద్దు చేయడం మాత్రం సెకనుకు వెయ్యి దాకా ఉంటాయి. ఆ వెయ్యింటినీ అందరి ఉమ్మడి పుస్తకంలో రాయడం కుదిరే పని కాదు. సొంత గొలుసులో అయితే ఆర్డర్లను వ్యాలిడేటర్లు తమ కంప్యూటర్ల జ్ఞాపకంలో ఉంచుకుని, కుదిరిన బేరాలను మాత్రమే పుస్తకంలో రాసేలా నియమాలు పెట్టుకోవచ్చు.

మూడోది ఇంటి యజమాని నియమాలు. బిట్‌కాయిన్‌లో ఇతర డేటాను చేర్చడానికి 'ఓపీ రిటర్న్' అనే చోటు ఉంది. కౌంటర్‌పార్టీ బృందం ఇందులో 80 బైట్లు దొరుకుతాయని లెక్కవేసుకుంది. 2014 మార్చిలో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 0.9 సాఫ్ట్‌వేర్ 40 బైట్ల డేటానే ముందుకు పంపింది. బిట్‌కాయిన్ డబ్బు కోసం ఉంది, ఊరందరి డేటా దాచడానికి కాదన్నది ఆ ప్రోగ్రామర్లలో పలువురి వాదన. పెద్ద గొడవే జరిగింది. తర్వాతి కాలంలో ఆ హద్దును మళ్లీ పెంచారు, 2025 అక్టోబరులో వచ్చిన 30వ వెర్షన్‌లో దాదాపు ఎత్తేశారు. అప్పుడూ వాదం ఆగలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాడు గోడకు మేకు కొట్టాలన్నా అడగాల్సిందే అన్న సంగతి పొరల మీద ఆధారపడినవారికి ఆనాడే అర్థమైంది.

నాలుగోది కాస్త లోతైన సమస్య. పొరలో ఒక టోకెన్ అసలుదా కాదా తెలుసుకోవాలంటే ఆధార గొలుసు మొత్తం చదవాలి. మొబైల్ ఫోన్‌లో నడిచే తేలికపాటి వాలెట్ ఆ పని చేయలేదు. బిట్‌కాయిన్ లావాదేవీ అయితే బ్లాకులో చేరడమే దాని సక్రమతకు గట్టి గుర్తు. పొర సందేశం బ్లాకులో చేరినంత మాత్రాన చెల్లినట్టు కాదు, పైన గీత విషయంలో చూశాం కదా. కాబట్టి మామూలు వినియోగదారుడు ఎవరో ఒకరి సర్వరును నమ్మక తప్పదు. నమ్మకం అవసరం లేని వ్యవస్థ కోసం మొదలుపెట్టిన ప్రయాణం మళ్లీ నమ్మకం దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఈ ఇబ్బందులను చూసిన యువకుల్లో విటాలిక్ బుటెరిన్ ఒకరు. 2013లో ఆయన మాస్టర్‌కాయిన్‌కు మరింత విస్తృతమైన ఒప్పందాల భాషను ప్రతిపాదించారు. చివరికి ఆ ఏడాది చివర్లో వేరే గొలుసు ఆలోచనతో ముందుకొచ్చారు. అదే 2015 జూలై 30న మొదలైన ఈథీరియం.

రక్షణ ఎవరిది?

సొంత గొలుసు అనగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న కాపలా. ఈ చర్చ బిట్‌కాయిన్ పుట్టిన రెండేళ్లకే మొదలైంది. 2010 డిసెంబరులో ఇంటర్నెట్ పేర్ల నమోదును బిట్‌కాయిన్‌లోనే చేర్చాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, బిట్‌కాయిన్ సృష్టికర్తగా పేరొందిన సతోషి నకమోటో వద్దన్నారు. అన్ని వ్యవస్థలనూ ఒకే పుస్తకంలో కుక్కితే అది పెరగలేదని, డబ్బు కావలసినవాళ్లు పేర్ల పట్టికను, పేర్లు కావలసినవాళ్లు డబ్బు లెక్కలను మోయనక్కర్లేదని ఆయన వాదన. పుస్తకాలు వేరుగా ఉంచి, మైనర్ల శ్రమను మాత్రం రెండింటికీ పంచుకోవచ్చని సూచించారు. 2011 ఏప్రిల్‌లో ఆ ఆలోచనతోనే 'నేమ్‌కాయిన్' విడిగా మొదలైంది.

శ్రమ పంచుకోవడం ఎందుకంత ముఖ్యం? ఒక చిన్న లెక్క వేద్దాం. ఒకే రకం యంత్రాలతో నడిచే రెండు గొలుసులున్నాయి. పెద్దదానికి 100 యూనిట్ల గణన శక్తి, చిన్నదానికి ఒక యూనిట్ ఉంది. పెద్ద గొలుసులోని మైనర్లలో వందలో ఒకరికి కొంచెం మించి ఇటు తిరిగితే చాలు, చిన్న గొలుసులో మెజారిటీ వాళ్లదే. ఆ యంత్రాలు కొననక్కర్లేదు, కొన్ని గంటలకు అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. ఇది ఊహ కాదు. 2018 మేలో 'బిట్‌కాయిన్ గోల్డ్' గొలుసుపై ఇలాంటి దాడితో సుమారు 1.8 కోట్ల డాలర్ల విలువైన నాణేలను రెండుసార్లు ఖర్చు చేశారు. 'ఈథీరియం క్లాసిక్' మీద 2019 జనవరిలోనూ, 2020 ఆగస్టులో పలుమార్లూ దాడులు జరిగాయి.

దీనికి నేమ్‌కాయిన్ ఎంచుకున్న మందు ఉమ్మడి మైనింగ్. మైనరు తాను తయారుచేస్తున్న బిట్‌కాయిన్ బ్లాకులో ఒక చిన్న మూల నేమ్‌కాయిన్ బ్లాకు హ్యాష్‌ను పెడతాడు. ఆపై చేసిన ఒకే లెక్క రెండు గొలుసులకూ రుజువుగా చెల్లుతుంది. అదనపు కరెంటు దాదాపు అక్కర్లేదు. 2011 అక్టోబరులో నేమ్‌కాయిన్ ఈ పద్ధతికి మారింది.

అయితే ఈ మందుకు దుష్ఫలితమూ ఉంది. కాపలాకు అదనపు ఖర్చు లేదంటే దాడికీ అదనపు ఖర్చు లేదని అర్థం. 2012 ఆరంభంలో 'కాయిల్డ్‌కాయిన్' అనే కొత్త గొలుసు ఇదే పద్ధతిలో మొదలైంది. ఒక బిట్‌కాయిన్ మైనింగ్ పూల్ నిర్వాహకుడు తన పూల్ శక్తిని దానివైపు తిప్పి కొద్ది రోజుల్లోనే దాన్ని మూలన పడేశాడు. తన బిట్‌కాయిన్ ఆదాయంలో అతనికి కలిగిన నష్టం దాదాపు ఏమీ లేదు.

మూడింట ఒక వంతు లెక్క

ఈ రోజుల్లో వేరుపడే వ్యవస్థలు మైనింగ్ జోలికి పోవడం తక్కువ. ఎక్కువ భాగం 'వాటా రుజువు' పద్ధతిని ఎంచుకుంటాయి. ఇందులో వ్యాలిడేటర్లు తమ టోకెన్లను జామీనుగా పెట్టి, వాటి విలువకు తగ్గట్టు ఓటు వేస్తారు. మోసం చేస్తే జామీను పోతుంది. కాస్మోస్ సాఫ్ట్‌వేర్‌తో కట్టిన గొలుసులలో ఒక బ్లాకు ఖాయం కావాలంటే మూడింట రెండు వంతులకు మించి ఓట్లు పడాలి.

రెండు వంతులే ఎందుకు? మొత్తం 100 ఓట్లు ఉన్నాయనుకుందాం. ఒక బ్లాకు ఖాయం కావడానికి 67 కావాలి. పరస్పర విరుద్ధమైన రెండు బ్లాకులు ఖాయం కావాలంటే 67, 67 కలిపి 134 ఓట్లు పడాలి. ఉన్నవి 100 మాత్రమే కాబట్టి కనీసం 34 ఓట్లు రెండు వైపులా పడి ఉండాలి. అంటే దొంగ ఓట్లు 34 కన్నా తక్కువ ఉన్నంత వరకు పుస్తకం రెండుగా చీలదు. మరోవైపు, 34 ఓట్లు మౌనంగా ఉండిపోతే మిగిలిన 66తో ఏ బ్లాకూ ఖాయం కాదు, గొలుసు ఆగిపోతుంది.

గణితం వరకు ఇది పటిష్ఠమే. చిక్కంతా ఆ ఓట్ల ధరలో ఉంది. పొరగా ఉన్నప్పుడు వ్యవస్థ రక్షణ ఆధార గొలుసు విలువ మీద ఆధారపడేది. విడిపోయాక తన టోకెన్ విలువే తనకు రక్షణ. టోకెన్ ధర పడిపోతే దాడి ఖర్చూ పడిపోతుంది, అంటే గొలుసుపై నమ్మకం అత్యంత అవసరమైన రోజునే కాపలా బలహీనపడుతుంది. 2022 మేలో 'టెర్రా' కుప్పకూలినప్పుడు జరిగింది ఇదే. లూనా టోకెన్ విలువ దాదాపు సున్నాకు చేరడంతో, ఎవరైనా చవగ్గా ఓట్లు కొని గొలుసును చేజిక్కించుకుంటారన్న భయంతో వ్యాలిడేటర్లే మే 12న గొలుసును కొంతసేపు నిలిపివేశారు.

సామాను తరలించే రోజు

కొత్త గొలుసు కట్టడం ఒక ఎత్తు, పాత లెక్కలను అక్కడికి తేవడం ఇంకో ఎత్తు. ఇందుకు ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది 'ఫలానా క్షణాన ఎవరి దగ్గర ఎంత ఉంది' అని ఫొటో తీసినట్టు లెక్క తీసి, దాన్నే కొత్త గొలుసు మొదటి పేజీగా రాయడం. 'ఈఓఎస్' టోకెన్లను 2017 జూన్ నుంచి ఏడాది పాటు ఈథీరియం పొర మీద అమ్మారు. 2018 జూన్ ఆరంభంలో ఆ టోకెన్ల కదలికను స్తంభింపజేశారు. ఆపై కొత్త గొలుసు మొదలైంది. మొత్తం టోకెన్లలో 15 శాతం ఓటింగులో పాల్గొన్నాకే అది క్రియాశీలమైంది. ఇక్కడ వినియోగదారులు ముందుగానే ఒక పని చేయాల్సి వచ్చింది. ఈథీరియం చిరునామా అనేది ఒక కీ తాలూకు హ్యాష్ మాత్రమే, దాని నుంచి కీని వెనక్కి రాబట్టలేం. అందుకే కొత్త గొలుసులో తమ ఖాతాకు వాడే కీని గడువులోగా నమోదు చేసుకోమన్నారు. ఎక్స్ఛేంజీలో ఉంచుకున్నవారి తరఫున ఎక్స్ఛేంజీలు ఆ పని చూసుకున్నాయి. సొంత వాలెట్లో పెట్టుకున్నవారే జాగ్రత్త పడాల్సి వచ్చింది.

రెండోది వారధి. పాత గొలుసులో టోకెన్లకు తాళం వేసి, అంతే సంఖ్యలో కొత్త గొలుసులో పుట్టించడం. డీవైడీఎక్స్ ఈ దారిలో వెళ్లింది. 2023 అక్టోబరు 26న దాని సొంత గొలుసు తొలి బ్లాకు వచ్చింది. ఈథీరియంలోని పాత టోకెన్లను ఒక ఒప్పందంలో శాశ్వతంగా బంధిస్తే కొత్త గొలుసులో వాటికి సమానమైనవి దక్కేలా, వెళ్లడమే తప్ప తిరిగి రాని ఒంటిదారి వారధిని కట్టారు.

వారధి రెండు వైపులా నడిస్తే ప్రమాదం పెరుగుతుంది. ఎందుకంటే తాళం వేసిన టోకెన్లన్నీ ఒకే చోట పోగుపడతాయి. ఈథీరియంకు రోనిన్‌లో ఏం జరుగుతోందో స్వయంగా చూసే కళ్లు లేవు. 'రోనిన్‌లో ఫలానా వ్యక్తి టోకెన్లను తిరిగి ఇచ్చేశాడు, ఇక్కడ తాళం తీయండి' అని ఎవరో సంతకం చేసి చెప్పాలి. రోనిన్‌లో ఆ సంతకందార్లు తొమ్మిది మంది. ఐదు సంతకాలు చాలు. వాటిలో నాలుగు కీలు ఆటను తయారుచేసిన స్కై మేవిస్ సంస్థ చేతిలోనే ఉండేవి. ఐదోది ఆక్సీ డీఏఓ అనే సంఘానిది. 2021 నవంబరులో రద్దీ ఎక్కువై, ఆ సంఘం తరఫున కూడా సంతకాలు చేసే అనుమతిని స్కై మేవిస్ పొందింది. డిసెంబరుకల్లా ఆ అవసరం తీరిపోయింది కానీ అనుమతిని రద్దు చేయడం మరిచారు. స్కై మేవిస్ వ్యవస్థలోకి దూరిన దొంగలకు ఆ ఒక్క దారి గుండా ఐదు సంతకాలూ దొరికాయి. తొమ్మిది తాళాలు అనుకున్న చోట నిజానికి ఉన్నది ఒకే గుత్తి.

ఈ దొంగతనం ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా పని అని 2022 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. స్కై మేవిస్ 15 కోట్ల డాలర్ల నిధులు సమీకరించి, తన సొంత నిధులు కూడా కలిపి వినియోగదారులకు తిరిగి చెల్లించే ఏర్పాటు చేసింది. ఫిలిప్పీన్స్‌లో కోవిడ్ కాలంలో ఉపాధి పోయి ఈ ఆట మీద నాలుగు డబ్బులు సంపాదించుకున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లలో ఎంతమందికి తమ పొదుపు తొమ్మిది కీల మీద ఆధారపడి ఉందని తెలిసి ఉంటుంది?

పూర్తిగా విడిపోకుండా

అయితే పొరగా అణిగి ఉండాలి, లేదంటే ఒంటరిగా నిలబడాలి, ఇంతేనా? ఈ రెండింటి మధ్య ఇప్పుడు కొన్ని మార్గాలున్నాయి.

అందులో ఒకటి ఆనవాళ్లు నమోదు చేయడం. మన దేశానికి చెందిన జయంతి కనాని, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ 2017లో 'మాటిక్' పేరుతో మొదలుపెట్టిన పాలిగాన్ గొలుసుకు సొంత వ్యాలిడేటర్లున్నారు. అయినా అది ఎప్పటికప్పుడు తన లెక్కల సారాంశాన్ని ఒక హ్యాష్‌గా ఈథీరియంలో రాస్తుంది. లావాదేవీలను రెండేసి చొప్పున జతచేసి హ్యాష్ తీస్తూ, ఆ హ్యాష్‌లను మళ్లీ జతచేస్తూ పోతే చివరికి ఒకే హ్యాష్ మిగులుతుంది. దీన్ని మెర్కిల్ వృక్షం అంటారు. దీని సొగసు ఏమిటంటే, పది లక్షల లావాదేవీలలో నా లావాదేవీ ఉందని రుజువు చేయడానికి 20 హ్యాష్‌లు చూపిస్తే చాలు. రెండును ఇరవైసార్లు గుణిస్తే పది లక్షలు దాటుతుంది కదా.

రెండోది రోలప్. ఇక్కడ లావాదేవీల అమలు బయట జరుగుతుంది కానీ వాటి డేటా కుదించిన రూపంలో ఆధార గొలుసులోనే పడుతుంది. బయట చేసిన లెక్క సరైనదేనని గణిత రుజువు ఇవ్వడమో, తప్పు ఉంటే ఎవరైనా సవాలు చేసే గడువు పెట్టడమో చేస్తారు. డేటా ఆధార గొలుసులో ఉంది కాబట్టి నిర్వాహకుడు మాయమైనా ఎవరి ఖాతాలో ఎంత ఉందో తిరిగి లెక్కకట్టవచ్చు. 2024 మార్చిలో ఈథీరియం ఇందుకోసమే చవకైన ప్రత్యేక చోటు ఏర్పాటు చేసింది. అందులో వేసిన డేటాను సుమారు 18 రోజులు ఉంచి తర్వాత తీసేస్తారు, అందుకే రుసుము తక్కువ.

ఈ మార్పు కొందరి లెక్కలను తలకిందులు చేసింది. 2020 నుంచి సొంత గొలుసుగా నడిచిన 'సెలో' 2025 మార్చిలో ఈథీరియం మీద ఒక పొరగా మారిపోయింది. వేరు కాపురం పెట్టి, ఖర్చులు చూసుకుని, మళ్లీ ఉమ్మడి ప్రహరీ లోపలికి వచ్చి తన వంట తాను చేసుకుంటున్నట్టన్నమాట. మరోవైపు టెథర్ మొదట ఊపిరి పోసుకున్న ఓమ్నీ పొరకు 2023 ఆగస్టులో స్వస్తి పలుకుతున్నట్లు ప్రకటించింది. అప్పటికే దాని టోకెన్లు అత్యధికం ఈథీరియం, ట్రాన్ గొలుసుల మీదికి చేరిపోయాయి.

మనకు ఎందుకు?

మన దేశంలో క్రిప్టో ఆస్తులు చట్టబద్ధమైన కరెన్సీ కావు. 2022 ఏప్రిల్ నుంచి వాటిపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి లావాదేవీలపై ఒక శాతం టీడీఎస్ ఉన్నాయి. క్రిప్టోతో పనిలేనివారికీ బ్లాక్‌చైన్ దగ్గరవుతోంది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం జాతీయ బ్లాక్‌చైన్ వ్యవస్థలో భాగంగా 'విశ్వస్య' వేదికను ప్రారంభించింది. దీన్ని భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లోని ఎన్‌ఐసీ డేటా కేంద్రాలలో నెలకొల్పారు. రూపకల్పనలో సీడ్యాక్, ఎన్‌ఐసీలతో పాటు హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, ఐఐటీ, ట్రిపుల్ ఐటీలు పాలుపంచుకున్నాయి. అనుమతి ఉన్నవారే నడిపే ఇలాంటి గొలుసుల్లో మైనర్లు, టోకెన్ ధరలు ఉండవు. ధ్రువపత్రాలకో గొలుసు, భూమి పత్రాలకో గొలుసు విడివిడిగా ఉండాలా, ఒకే ఆధారం మీద అన్నీ నడవాలా అన్న ప్రశ్న మాత్రం ఇక్కడా ఉంటుంది. విడివిడిగా ఉంటే వాటిని కలిపే వారధి కీలు ఎవరి చేతిలో ఉంటాయన్న ప్రశ్న కూడా వెంటే వస్తుంది.

ఇక టోకెన్లు ఉన్నవారు, తాము వాడే వ్యవస్థ సొంత గొలుసుకు మారుతోందన్న కబురు వింటే కొన్ని విషయాలు తప్పక కనుక్కోవాలి. కొత్త గొలుసును ఎంతమంది వ్యాలిడేటర్లు నడుపుతారు, వాళ్లు నిజంగా వేర్వేరు సంస్థలేనా? వారధి ఉంటే దాని తాళాలు ఎవరివి, ఎన్ని సంతకాలు కావాలి? టోకెన్ ధర సగానికి పడితే గొలుసు రక్షణ ఏమవుతుంది? పాత టోకెన్లను మార్చుకోవడానికి గడువు ఎప్పటిదాకా? ఇలాంటి మార్పిడి రోజుల్లోనే నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తాయి. మార్పిడి కోసం వాలెట్ రహస్య పదాల వరుసను అడిగేవారు ఎవరైనా మోసగాళ్లే, ఏ నిజమైన మార్పిడికీ వాటిని మరొకరికి చెప్పాల్సిన అవసరం రాదు.